ధనుర్మాసపు హరిదాసులకు ఒక తాత వ్రాయు బహిరంగ లేఖ

హరిదాస మహాశయులారా,

చెప్పక వచ్చి, ఏమియు నడుగక నిలిచి, పోసినదేదో తలపై నందుకొని, చెప్పకయే మరలిపోవు మీకు ఒక జాబు వ్రాయవలెనన్న సంకల్పము కలిగినప్పుడు నాకు ఎదురైన మొదటి చిక్కు చిరునామా. ధనుర్మాసమంతయు తెల్లవారకమునుపే వీధికొసనుండి చిడతల చప్పుడై వినవచ్చు మీరు, తక్కిన మాసములయందు ఎచ్చట నుందురో, ఏ పని చేసి సంసారము నీడ్చుకొని వచ్చుచుందురో, ముప్పదియాఱేండ్లు తెలుగు పండితుడనై జీతము పుచ్చుకొనిన నేను ఒక్కనాడైనను విచారించిన పాపమున పోలేదు. కావున ఈ జాబును బహిరంగముగా వ్రాయుచున్నాను. మీలో ఎవరి చెవినైనను పడినచో నా కృతజ్ఞత మీకు తెలియును. పడనిచో, మీ పాత్రలో బియ్యము పోయవలసిన గృహస్థులకైనను నా మనవి చేరును.

మా ఇల్లు అమలాపురమునకు కొన్ని క్రోసుల దూరమున, కాలువగట్టు నానుకొనియున్న ఒక పల్లెలో, కొబ్బరితోటల నడుమ నున్నది. ఏడాది పొడుగునను అందు కాపురముండువారము మువ్వురమే: తొంబదియేండ్లకు చేరువైన మా అమ్మ, నేను, మా ఇంటిది. మొన్నటి డిసెంబరు 20వ తేదీ సాయంకాలమునకు ఆ మువ్వురము పదునేడుగుర మైతిమి. డాలసునుండి మా పెద్దవాడును, కోడలును, రెండేండ్లు నిండుటకు ఇంకను రెండు నెలలు తక్కువైన మనుమడును. హైదరాబాదునుండి అమ్మాయి, అల్లుడు, వారి ఇద్దరు ఆడపిల్లలు. పొరుగూరినుండి మా అక్కయ్య. కాకినాడనుండి తమ్ముడు, మరదలు, వారి కొడుకు, కోడలు. ఏలూరినుండి వియ్యంకుడు, వియ్యపురాలు. అటుకమీది గుండిగలు దిగినవి, పరుపులు ఎండకు వచ్చినవి, మూతపడియున్న వెనుకగది తలుపులు కిఱ్ఱున తెరుచుకొన్నవి.

ఇంతమంది కూడినను అది పండుగ కాదు. పండుగ యనిన మా సీమలో సంక్రాంతియే, అది జనవరి నడుమను గాని రాదు. మావానికి అచ్చటి కచేరీవా రిచ్చిన సెలవు క్రిస్టమసు నంటుకొని బయలుదేరి నూతన సంవత్సరము గడపలోనే ముగిసిపోవును. నేను బడిలో పిల్లలకు చెప్పుచుండెడివాడను: సూర్యుడు దక్షిణపు కొసను ముట్టి ఉత్తరమునకు మరలుట నిజమునకు డిసెంబరు 21, 22 తేదీలయందే జరుగుననియు, మన పంచాంగము నక్షత్రముల నాధారముగా గొని మకరరాశి ప్రవేశమును లెక్కించుటచే సంక్రమణము జనవరి 14, 15 తేదీలకు వచ్చుచున్నదనియు, భూమి ఇరుసు వాలుచున్న బొంగరమువలె తల ద్రిప్పుచు సుమారు 26,000 సంవత్సరములకు గాని ఒక చుట్టు పూర్తిచేయదు గనుక దాదాపు 70 ఏండ్లకొక దినము చొప్పున ఈ రెండును ఎడమగుచు వచ్చినవనియు, సుమారు 1,700 ఏండ్లక్రిందట రెండును ఒక్కనాడే వచ్చెడివనియు నల్లబల్లమీద గీతలు గీసి వివరించెడివాడను. ఆ ఇరువదినాలుగు దినముల యెడము ఒకనాడు నా ఇంటనే వచ్చి కూర్చుండునని అప్పుడు తలపలేదు. మావాని సెలవు ఆకాశములోని అయనము చెంత నున్నది; మా పండుగ పంచాంగములోని అయనము చెంత నున్నది; మనుమడు ఈ రెంటి నడుమ విమానములో తిరుగుచున్నాడు.

ఇట్టి సంకటములో మాకు దొరికిన పండుగ మీరొక్కరే. భోగిమంట ఒక్క తెల్లవారుజాము. కనుమనాడు కాకియైనను కదలదందురు గాని ఆ కనుమయు ఒక్క దినమే. గంగిరెద్దులవాడు పండుగ మొగము చూచి గాని సన్నాయి ఎత్తడు. మీరట్లు కాక, డిసెంబరు 16వ తేదీ ప్రాంతమున సూర్యుడు ధనూరాశిలో అడుగిడినది మొదలు, తిరుమలలో సుప్రభాతమునకు బదులు తిరుప్పావై వినిపించు ఆ నెల పొడుగునను, ప్రతి ఉదయమును పండుగకు ముందడుగుగా చేసికొని నడచివచ్చుచుందురు. తిథివార నక్షత్రములకు గాక నెలకంతకు కట్టుబడిన మీ వ్రతమువలన, పండుగనాటికి నిలువజాలని పసివానికి పండుగ నడచు దారియైనను కనుల బడినది.

మీకును వానికిని చెలిమి కుదిర్చినది గడియారము. శీతకాలమున డాలసు మనకంటె పదునొకండున్నర గంటలు వెనుకబడియుండును. మనకు తెల్లవారుజామున నాలుగున్నర యైనప్పుడు అచ్చట ముందునాటి సాయంకాలము ఐదు గంటలు, అనగా పసిపిల్లలు ఇల్లు పీకి పందిరివేయు వేళ. వచ్చిన మొదటి రాత్రి వాడు రెండున్నరకే లేచి కూర్చుండెను. తల్లిదండ్రులు ప్రయాణపు బడలికతో ఒడలెఱుగక నిదురించుచుండగా, నేను వానిని శాలువలో చుట్టి వీధియరుగుమీదికి తెచ్చితిని. మంచు దట్టముగా కురియుచుండెను. కొబ్బరియాకుల కొనలనుండి బొట్టు బొట్టుగా నీరు రేకులమీద పడుచుండెను. ముందునాటి సాయంకాలము ఆడపిల్లలు పెట్టిన ముగ్గు తడిసి సగము చెదరియుండెను. నాలుగున్నర దాటిన కొంతసేపటికి వీధికొసన చిడతలు మ్రోగినవి.

మా వీధికి వచ్చు హరిదాసుగారు ఏబదియేండ్లకు మీదుపడినవారు. నొసట నామము, మెడలో బంతిపూల దండ, ఒకచేత తంబుర, ఒకచేత చిడతలు, కాళ్ళకు గజ్జెలు, తలపై పూలు చుట్టిన రాగి అక్షయపాత్ర. పసివాడు ఏడ్వలేదు, నవ్వనూలేదు. నోటిలోని వ్రేలు నోటిలోనే మరచిపోయెను. మా ఇంటిది చేటతో బియ్యము తెచ్చినది. నేను వాని పిడికిట గుప్పెడు గింజలుంచి రెండవ మెట్టుమీద నిలిపితిని. అప్పుడు ఆ పెద్దమనిషి చేసిన పని నా మనస్సున నాటుకొన్నది. పాట నాపకయే, తంబురను భుజమున కానించి, తడిసిన ముగ్గుమీద ఒక మోకాలూని, మెడ నిటారుగనే యుంచి, పాత్ర వాని చేతి యెత్తునకు వచ్చువరకు దిగెను. వాడు పిడికిలి విప్పగా సగము గింజలు మెట్టుమీదను, కొన్ని ఆయన భుజముమీదను, మిగిలిన నాలుగును పాత్రలోను పడినవి. పడినవో లేదో, వాడు చేయి లోపల పెట్టి, అంతవరకు ఏ ఏ ఇండ్లవారు పోసిన బియ్యమునుండియో ఒక గుప్పెడు తీసికొని, "మైన్" అనెను.

నాకు సిగ్గు కలిగినది. ఆయన మాత్రము లేవలేదు, నవ్వలేదు, చేయి చాపి అడుగలేదు. హరినామము మఱియొక మారు పలికి అట్లే వేచియుండెను. తలపై పాత్ర నుండగా అన్యప్రసంగము చేయరాదనియు, ఇల్లు చేరువరకు దానిని దింపరాదనియు మీరు పాటించు నియమము నాకు తెలియును. కాని ఒక బాలుని లోభము ముందర ఆ మౌనము ఎంత మర్యాదగా నుండునో ఆనాడే చూచితిని. వాడు కొంతసేపు పాత్రను, కొంతసేపు తన పిడికిలిని చూచుకొని, విసుగుపుట్టి గింజలు వదలివేసెను. అది దానము కాదు. అయినను ఆయన దానము పుచ్చుకొన్నవానివలెనే తల పంకించి లేచి, పొరుగింటికి సాగిపోయెను.

"మైన్" అనుట వాడు శిశుసంరక్షణ గృహములో తోడిపిల్లలవద్ద నేర్చినాడని కోడలు నొచ్చుకొనుచు చెప్పినది. అమ్మ, నాన్న అను మాటల పిమ్మట వానికి పట్టుబడిన మూడవ మాట అదేనట. నేనామె నూరడించితిని, ఆ వయస్సున లోకమంతయు "నాది" యనుట అమెరికాలోనేమి, అమలాపురములోనేమి, శిశుధర్మమే. ఆపై మా ఇంటిలోని తక్కిన పదునాఱుగురము ఆ ధర్మమునకు ఆజ్యము పోయుచుంటిమి. పెద్దల చేతులన్నియు వానివైపే చాచియుండెడివి. ఒకరు చంక దింపిన మఱియొకరు చంక కెత్తుకొనువారు. మామయ్య చక్రముల గుఱ్ఱము, పెద్దమ్మమ్మ వెండి గ్లాసు, పిన్నతాత ఊదెడి బూర. కోడలు పుస్తకములో వ్రాసికొనివచ్చిన నిద్రవేళలు మూడవనాటికే మంచులో కలిసిపోయినవి. రెండేండ్లలోపు బిడ్డకు తీపి పెట్టవలదని అచ్చటి వైద్యులు చెప్పిరని ఆమె గట్టిగా నుండెను. కాని క్రొత్తబియ్యము నానబోసి, తడిపిండి జల్లించి, బెల్లపు పాకము నీళ్ళపళ్ళెములో వేసిన ఉండకట్టువరకు కాచి, నువ్వులద్ది, నేతిలో వేయించి, చెక్కలతో అదిమిన అరిసెల వాసన ఇల్లంతయు నిండియున్న వేళ వైద్యశాస్త్రము ఎంతసేపు నిలువగలదు? నాలుగవనాడు కోడలే ఒక అరిసె కొనను గోటితో త్రుంచి, మా ఇంటిదాని మొగము చూచి, వాని నోట పెట్టెను. ఆ చూపుతో అత్తాకోడండ్ర నడుమ నాలుగుదినముల బిగువు సడలినది.

ఇచ్చట నా కొక సంగతి తట్టినది. ఆ ఇంట వానికి ఇచ్చువారే గాని, వానివద్ద పుచ్చుకొనువారు లేరు. ఎత్తుకొనుటయు మా ఆనందము కొరకే, ముద్దుపెట్టుటయు మా ఆనందము కొరకే. వాడు ఏడ్చినను మఱియొక వస్తువు చేతిలో బెట్టి నోరు మూయించువారమే. దినమున కొక్కమారు, తెల్లవారుజామున, ఏమియు తేక, ఏమియు నడుగక, వాని చేతి యెత్తునకు దిగి, వాడిచ్చునది పుచ్చుకొనుటకు వేచియుండు మనిషి మీ హరిదాసుగా రొక్కరే. ఇచ్చుట నేర్పుటకు ఇచ్చువారు చాలరు, పుచ్చుకొనువాడు కావలెను. పుచ్చుకొనుట చిన్నతనముగా గాక వ్రతముగా చేయువాడు కావలెను. అరణ్యవాసమున ధర్మరాజునకు సూర్యుడే అక్షయపాత్ర నిచ్చెననియు, దాని నంటియున్న రవ్వంత శాకమును కృష్ణుడారగించగా దుర్వాసుని శిష్యగణమంతయు తృప్తి నొందెననియు మనము వినియున్నాము. ఆ కథలో పాత్ర మహిమను గూర్చియే నేను బడిలో ఎక్కువగా చెప్పియుంటిని. చేయి చాచి ఆ రవ్వంతను పుచ్చుకొనిన అతిథిని గూర్చి తగినంత చెప్పలేదు.

ఆ ఇచ్చుటకు తగిన మాట వానికి నేర్పినది మా అమ్మ. ఆమెకు చూపు తగ్గినది. ఉదయము నులకమంచము వరండాలోనికి తెప్పించుకొని మీ పాట వచ్చువరకు కూర్చుండును. ఎవరి కేమి అందించినను "ఇంద" యనుట ఆమె కలవాటు. మజ్జిగ గ్లాసు "ఇంద", విసనకఱ్ఱ "ఇంద", నలిగిన పదిరూపాయల నోటు "ఇంద". నేను పండితుడనై యుండి ఆ మాటను అవ్యయముల పట్టికలో చేర్చి ముందునకు పోయినవాడనే గాని, అది ఎంత గడుసు మాటయో ఎన్నడును గమనింపలేదు. అందులో నేను లేను, నీవు లేవు, ఇచ్చితినను క్రియ లేదు, పుచ్చుకొనుమను ఆజ్ఞ లేదు. చాచిన చేయి మాత్రమే యున్నది. క్రిస్టమసు మఱునాటి ఉదయము హరిదాసుగారు మోకాలూనినప్పుడు, నేను చేయి పట్టకమునుపే, వాడు చేటలో చేయిపెట్టి, గింజలు తీసి, పాత్రలో వేసి "ఇంద" అనెను. "ఎవర్రా అన్నదీ, వాడేనా?" అని మా అమ్మ మంచముమీదనుండి అడిగినది. హరిదాసుగారు మాటాడలేదు గాని, చిడత ఒక దెబ్బ తప్పినది.

పెద్దవాని కుటుంబము బయలుదేరుటకు ముందటి సాయంకాలము, జనవరి మొదటి తేదీన, భోగిపండ్లు పోయుదమని మా ఇంటిది బయలుదేరినది. మా అక్కయ్య ఒప్పుకొనలేదు. "భోగి రాకుండా భోగిపళ్ళేమిటే, పెళ్ళి కాకుండా సీమంతంలాగ!" అని గద్దించినది. శాస్త్రము ఆమె పక్షముననే యున్నదని నేను నోరు మెదపలేదు. మా అమ్మ తేల్చినది: "సూర్యుడికి టిక్కెట్టు అక్కర్లేదే అమ్మా, మనవాడికి కావాలి." రేగుపండ్లు ఇంకను సగము పచ్చిగనే యుండెను. చిల్లర నాణెములును, నానిన శనగలును పసివాని గొంతున అడ్డుపడునని కోడలు అభ్యంతరము చెప్పగా, ఆ మాట సబబేయని అందఱు నంగీకరించితిమి. నాణెములను గుడ్డలో మూటగట్టి దిగదుడిచి ఆడపిల్లల కిచ్చి, బంతిపూరేకులును పెద్ద రేగుపండ్లును మాత్రము తలమీద పోసితిమి. వాడు ఒడిలో పడిన పండ్లను ఏరి, వరుసగా కూర్చున్న నలుగురికి "ఇంద, ఇంద" యనుచు పంచి, అయిదవదానిని నోట బెట్టుకొనెను. కోడలు వ్రేలు పెట్టి గింజ లాగినది. అందఱును నవ్విరి. మా అక్కయ్య తన చేతికి వచ్చిన పండును కొంగున ముడివేసికొన్నది.

ఇక మీకు నా మనవులు.

మొదటిది, వంగుడు. మీలో కొందఱు ఇప్పుడు స్కూటరుమీద, పాట పెట్టెలో మ్రోగుచుండగా వచ్చుచున్నారు. నేను తప్పు పట్టను. ఊళ్ళు పెరిగినవి, మోకాళ్ళు అరిగినవి, గుమ్మము గుమ్మమునకు నడచిన దినమునకు చాలినంత రాలదు. కాని వాకిట పసిబిడ్డ నిలిచియున్నచోట ఒక్క నిమిషము బండి దిగుడు. స్కూటరుమీది పాత్రకు పెద్దల చేతులే అందును.

రెండవది, నెలంతయు రండు. పండుగ మూడు దినములే వచ్చినచో ఆ దినములయందు ఇంట నుండగలవారికే మీరు దక్కుదురు. దూరదేశములనుండి శీతకాలపు సెలవులకు వచ్చి పండుగకు ముందే మరలిపోవు బిడ్డలు కోనసీమలో మా ఇంట మాత్రమే యున్నారనుకొనను.

మూడవది మీకు గాదు, మీ పేర నా తోటి గృహస్థులకు. హైదరాబాదులో మా అమ్మాయి కాపురమున్న బహుళాంతస్తుల భవనమున, క్రిందటియేట వచ్చిన హరిదాసును కావలివాడు ద్వారముకడనే మరలించినాడట. వాడు తన కుద్యోగమిచ్చినవారి యాజ్ఞను పాటించినాడు, వాని తప్పు లేదు. ఆ భవనములోని పిల్లలు బడిలో సంక్రాంతి వేడుకకు హరిదాసు వేషము వేసికొని, అట్టతో చేసిన పాత్ర తలపై పెట్టుకొని ఛాయాపటములు దిగుదురు. నిజమైన హరిదాసు పాత్రలో గింజ వేసియెఱుగరు. ఆ యాజ్ఞ మార్చుట మన చేతిలోనే యున్నది. బియ్యమును పెద్దలు పోయక పిల్లల చేత పోయింపుడు. ఒలికిన నొలుకనిండు. మఱియు, గుప్పెడు బియ్యముతో ఏ సంసారమును గడవదు గనుక, పండుగనాడు వస్త్రమును, చేతనైనంత ధనమును మఱువకుడు. నెలదినములు మన బిడ్డలకు ఒక గుణము నేర్పిన గురువునకు ఆమాత్రము దక్షిణ ధర్మము.

పెద్దవాడు, కోడలు, పసివాడు జనవరి రెండవ తేదీ ఉదయము కారెక్కిరి. వాడు ఆడపిల్లలతో కలిసి ఆవుపేడతో తట్టిన భోగిపిడకలు ఏడు, గోడవార ఎండుచు మిగిలినవి. నడుమ చిల్లికి బదులు అయిదు చిన్న వ్రేళ్ళ గుర్తులుండెను. భోగినాటి తెల్లవారుజామున ఆ పిడకలను దండకు గ్రుచ్చుటకు వీలులేక చేతితోనే ఒక్కొక్కటిగా మంటలో వేసితిమి.

సంక్రాంతినాడు హరిదాసుగారు వచ్చిరి. నేను పంచెలచాపును, పళ్ళెములో బియ్యమును, తాంబూలములో దక్షిణయు పట్టుకొని అరుగుమీద నిలిచియుంటిని. ఆయన అలవాటుచొప్పున రెండవ మెట్టు ముందర మోకాలూని దిగిరి. దిగిన పిదప గాని ఆ మెట్టుమీద ఎవరును లేరని ఆయనకు స్ఫురింపలేదు. లేవబోవుచుండగా నేను వారించి, డెబ్బదియేండ్ల మోకాళ్ళను ఎట్లో మడిచి ఆ మెట్టుమీద కూర్చుండి, చేతిలోని గింజలు పాత్రలో వేసితిని. "ఇంద" యని నా వెనుకనుండి మా అమ్మ అందించినది, నేనును అంటిని.

ఇట్లు,
భవదీయుడు,
కోనసీమలోని ఒక విశ్రాంత తెలుగు పండితుడు